చేయి దాటిన ప్రయోగం

1988 నవంబర్ 2 సాయంత్రం అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయ విద్యార్థి రాబర్ట్ మోరిస్ తాను రాసిన ఒక ప్రోగ్రాంను ఇంటర్నెట్‌లోకి వదిలాడు. చదువుతున్నది కార్నెల్‌లోనే అయినా, ఆచూకీ తెలియకుండా ఉండేందుకు ఎం.ఐ.టి. కంప్యూటర్ నుంచి వదిలాడు. అది ఎవరి ఫైళ్లనూ చెరపలేదు, ఎవరి రహస్యాలనూ దొంగిలించలేదు. ఒక యంత్రంలో చేరి, అక్కడి నుంచి మరో యంత్రానికి తనంత తానే పాకడం ఒక్కటే దాని పని. నెట్‌వర్కుల భద్రత ఎంత బలహీనంగా ఉందో చూపించాలన్నది అతని ఉద్దేశమని తరువాత అప్పీలు కోర్టు తీర్పులో నమోదైంది. తెల్లవారేసరికి విశ్వవిద్యాలయాల్లో, సైనిక పరిశోధన కేంద్రాల్లో కంప్యూటర్లు చతికిలపడ్డాయి. అప్పటి ఇంటర్నెట్‌లో సుమారు 60 వేల యంత్రాలున్నాయని, వాటిలో ఆరు వేల దాకా దెబ్బతిన్నాయని ఆనాటి అంచనా.

మనిషి ఏ మీటా నొక్కకుండానే నెట్‌వర్క్‌లో పాకిపోయే ఇలాంటి ప్రోగ్రాంను ఆ రంగంలో వార్మ్ అంటారు. వార్మ్‌లు రాసేవాళ్లందరూ దొంగలు కారు. నలభై ఏళ్లకు పైగా విశ్వవిద్యాలయాల్లో, పరిశోధనశాలల్లో దీని మీద అధ్యయనం సాగుతోంది. అది ఎలా పాకుతుందో తెలియనిదే ఎలా ఆపాలో తెలియదు కాబట్టి ఆ అధ్యయనం అవసరం. అయితే తయారుచేసి చూడకుండా తెలుసుకోవడం కుదురుతుందా? తయారుచేసినది చేయి దాటిపోతే ఆ బాధ్యత ఎక్కడిదాకా వస్తుంది? ఉద్దేశం మంచిదైతే చాలా? వీటిలో ఏదీ ముందే తేలిపోయిందనుకోకుండా ఒక్కొక్కటే పరీక్షించి చూద్దాం.

ఉద్దేశం సంగతే మొదట తీసుకుందాం. మన దేశంలో ఈ వాదన బుద్ధుడి కాలం నాటిది. పాలీ త్రిపిటకంలోని ఉపాలి సుత్తంలో బుద్ధుడికీ, జైన గృహస్థుడైన ఉపాలికీ మధ్య జరిగిన చర్చ ఇదే. శరీరంతో చేసిన చెడు బరువైనదా, మనసుతో చేసినదా? జైనుల వాదం శరీర కర్మ వైపు మొగ్గితే, బుద్ధుడు మనసులోని సంకల్పం వైపు మొగ్గాడు. ఏ మత విశ్వాసాన్నీ స్వీకరించకుండానే, ఏ విశ్వాసాన్నీ తక్కువ చేయకుండానే ఆ రెండు కొలబద్దలనూ మన విషయానికి పెట్టి చూడవచ్చు. సంకల్పాన్ని బట్టి కొలిస్తే మోరిస్ తప్పు చిన్నది. జరిగిన నష్టాన్ని బట్టి కొలిస్తే చాలా పెద్దది. 1991లో అప్పీలు కోర్టు ఈ రెంటికీ మధ్య నుంచి ఒక దారి తీసింది. నష్టం కలిగించాలన్న ఉద్దేశాన్ని నిరూపించనక్కరలేదు, అనుమతి లేని చోటికి తెలిసీ ప్రవేశించాడా లేదా అన్నది తేలితే చాలు అంది. కింది కోర్టు వేసిన శిక్ష నిలిచింది: మూడేళ్ల ప్రొబేషన్, 400 గంటల సమాజసేవ, 10,050 డాలర్ల జరిమానా. ఈ తర్కంలో న్యాయం ఉందనే నా అభిప్రాయం. సంకల్పం మనిషి లోపల ఉంటుంది, దాన్ని మరొకరు చూడలేరు. ఫలితం అతని చేతిలో పూర్తిగా ఉండదు. ముందుగా అడిగాడా లేదా అన్నది మాత్రం అతని చేతిలోనూ ఉంది, మన కంటికీ కనిపిస్తుంది.

కోర్టు చెప్పినదానితో ఆలోచన ముగియదు. ఆ ప్రోగ్రాంలోని ఒక వివరం దగ్గర మనం ఇంకొంచెంసేపు ఆగాలి. ఒకే యంత్రంలో ప్రతులు ఎక్కువైతే అది మందగిస్తుంది, మందగిస్తే వార్మ్ సంగతి బయటపడుతుంది. అందుకని మోరిస్ ఒక జాగ్రత్త పెట్టాడు. కొత్తగా చేరిన ప్రతి, అక్కడ ఇంకో ప్రతి ఉందేమోనని వాకబు చేస్తుంది. ఉందని తెలిస్తే రెంటిలో ఒకటి తప్పుకుంటుంది. కానీ యంత్రాల నిర్వాహకులు ఈ కిటుకు కనిపెట్టి, లేకపోయినా ఉందని జవాబిచ్చే ఏర్పాటు చేసుకుంటే వార్మ్ అక్కడితో ఆగిపోతుంది. అలా ఆగకూడదని, ఏడుసార్లకు ఒకసారి జవాబు ఏదైనా సరే అక్కడే తిష్ఠ వేసేలా రాశాడు. ఒక్కో యంత్రానికి ఎన్నిసార్లు ఆ ప్రశ్న ఎదురవుతుందో అతను చాలా తక్కువగా ఊహించాడు. ప్రతులు కుప్పలుగా పేరుకుపోయి యంత్రాలు కూలబడ్డాయి.

దీన్ని లెక్క తప్పడం అనే ఎక్కువమంది చెబుతారు. లెక్క తప్పిన మాట నిజమే. అయితే అంతకు ముందే ఒక నిర్ణయం జరిగిపోయింది. అవతలివాడు దీన్ని ఆపలేకుండా ఉండాలి అన్నది ఆ నిర్ణయం. తన యంత్రంలో ఏది నడవాలో, ఏది నడవకూడదో తేల్చుకునే హక్కున్న మనిషి, ఆ క్షణంలో, ప్రయోగానికి అడ్డుపడేవాడిగా కనిపించాడు. నష్టం అక్కడి నుంచే పుట్టిందని నాకు తోస్తుంది. తాను వదిలినది చేయి దాటిపోయిందని గ్రహించాక మోరిస్ హార్వర్డ్‌లోని స్నేహితుడితో మాట్లాడాడు. వార్మ్‌ను ఎలా ఆపాలో, మళ్లీ రాకుండా ఎలా చూసుకోవాలో వివరిస్తూ ఇద్దరూ కలిసి పేరు లేని సందేశం పంపించారు. దారులన్నీ ఆ వార్మ్ రద్దీతోనే నిండిపోవడం వల్ల ఆ సందేశం సమయానికి ఎవరికీ అందలేదు.

దీనికి కొన్నేళ్ల ముందు జరిగిన మరో ప్రయోగాన్ని పక్కన పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. కాలిఫోర్నియాలోని జిరాక్స్ పరిశోధన కేంద్రంలో జాన్ షోచ్, జాన్ హప్ అనే ఇద్దరు పరిశోధకులు, రాత్రిపూట ఖాళీగా ఉండే కంప్యూటర్లను వెతుక్కుని పని పంచుకునే వార్మ్‌లను తయారుచేశారు. చెడు చేయడానికి కాదు, పెద్ద లెక్కలు త్వరగా చేయించడానికి. ఒక రాత్రి చిన్న వార్మ్ ఒకటి నడుస్తుండగా వదిలి వెళ్లారు. పొద్దున వచ్చేసరికి భవనమంతా కంప్యూటర్లు ఆగిపోయి ఉన్నాయి. ఎవరైనా ఒక యంత్రాన్ని తిరిగి ఆన్ చేస్తే, చెడిపోయిన ఆ వార్మ్ మళ్లీ దానిలో చేరి దాన్ని పడగొట్టేది. అదృష్టం అనడానికి వీల్లేదు, ముందుచూపు అనాలి: అన్ని ప్రతులనూ ఒక్కసారిగా ఆపే సందేశాన్ని వాళ్లు మొదటే సిద్ధం చేసి పెట్టుకున్నారు. అది పంపగానే నెట్‌వర్క్ నిశ్శబ్దమైంది. దాదాపు వంద యంత్రాలు మాత్రం ఎక్కడివక్కడ ఆగిపోయి మిగిలాయి. 1982లో ఈ అనుభవాన్నంతా దాపరికం లేకుండా ప్రచురించారు.

లెక్క వాళ్లకూ తప్పింది. పరిశోధన అన్నాక పొరపాటు జరగకూడదని ఎవరూ శాసించలేరు. ఆ పొరపాటు భారం ఎవరి మీద పడింది, దాన్ని ఆపే వీలు ఎవరి చేతిలో ఉంది అని మాత్రం అడగవచ్చు. జిరాక్స్‌లో నష్టం ఆ సంస్థ నాలుగు గోడల మధ్యే ఆగింది. 1988లో అది మోరిస్ పేరు కూడా ఎన్నడూ వినని వేల మంది మీద పడింది. ఆపే తాళం ముందే తయారుచేసుకోవడం, భారాన్ని తమ ఇంటి గడప దాటనివ్వకపోవడం అనే ఈ రెండూ ఈ రంగంలో వివేకానికి కనీసపు గుర్తులని ప్రస్తుతానికి అనుకుందాం. ఇవి సరిపోతాయో లేదో ముందు ముందు చూద్దాం.

ఇంత ప్రమాదం ఉన్నప్పుడు అసలు పరిశోధనే వద్దంటే సరిపోదా? ఈ వాదనకూ బలం ఉంది, కాబట్టి దాన్నీ పరీక్షించాలి. 1983లో ఫ్రెడ్ కోహెన్ అనే విద్యార్థి దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో అనుమతి తీసుకుని, జాగ్రత్తలు పాటిస్తూ ఒక వైరస్‌ను, అంటే వార్మ్‌లాగే పాకినా మరో ప్రోగ్రాంలో చేరి పాకే రకాన్ని, పరీక్షించాడు. ప్రతిసారీ గంటలోపే అది ఆ వ్యవస్థ మీద సర్వాధికారాలూ సంపాదించింది. ఒకసారైతే ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. ఫలితాలు చూసిన నిర్వాహకులు లోపాన్ని సరిదిద్దడానికి పూనుకోలేదు. ఇకమీదట ఇలాంటి ప్రయోగాలే వద్దని నిషేధించారు. భయపడ్డవారిని నేను తప్పుపట్టను. కానీ ఆ నిషేధం పరిశోధకుడిని ఆపిందే తప్ప ప్రమాదాన్ని ఆపలేదు. అడగనివాడికి నిషేధంతో పనే లేదు. అడిగినవాడు మాత్రమే బయట నిలబడ్డాడు.

కోహెన్ ఇంకో సంగతి కూడా నిరూపించాడు. ఏది వైరస్సో ఏది కాదో ఎన్నడూ పొరబడకుండా తేల్చి చెప్పే ప్రోగ్రాంను రాయడం అసాధ్యం. తర్కం సులువైనదే. అలాంటి ప్రోగ్రాం ఒకటి ఉందనుకుందాం. దాన్నే తన లోపల పెట్టుకుని, నేను వైరస్‌నా అని దాన్నే అడిగే మరో ప్రోగ్రాంను రాస్తాం. అవునని జవాబొస్తే అది పాకకుండా ఊరుకుంటుంది, కాదని జవాబొస్తే పాకుతుంది. ఏ జవాబు చెప్పినా తప్పే అవుతుంది. అంటే ఒకసారి కనుక్కుని నిశ్చింతగా ఉండదగిన మందు ఏదీ లేదు. అధ్యయనాన్ని ఆపేయడానికి మనకు వీలు లేదు. హేతువు తన పరిధిని తానే కొలిచి చెప్పిన అరుదైన సందర్భాల్లో ఇది ఒకటని నాకు దీని మీద ఎంతో గౌరవం.

2003లో కెనడాలోని కాల్గరీ విశ్వవిద్యాలయం విద్యార్థుల చేత వైరస్‌లు రాయించే కోర్సు ప్రకటించినప్పుడు యాంటీవైరస్ కంపెనీల నుంచి తీవ్రమైన నిరసన వచ్చింది. రాయడం తెలియకుండానే ఆపడం నేర్పవచ్చన్నది వాళ్ల మాట. బయటి నెట్‌వర్క్‌తో సంబంధం లేని గదిలో, కట్టుదిట్టంగా నేర్పుతామన్నది విశ్వవిద్యాలయం మాట. ఇక్కడ నేను విశ్వవిద్యాలయం పక్షమే. విద్య దుర్వినియోగం కావచ్చన్న భయం ప్రతి విద్యకూ ఉన్నదే. అయితే అలాంటి గదిలో నేర్పవలసిన మొదటి పాఠం, నెట్‌వర్క్‌కు అవతల మనుషులున్నారన్నది. తెర మీద అంకెలు మాత్రమే చూసేవారికి ఆ సంగతి తేలిగ్గా మరుగునపడుతుంది.

ఇప్పుడు అన్నిటికన్నా కష్టమైన ప్రశ్నకు వద్దాం. పాకే గుణాన్ని మంచికే వాడితే? 2003 ఆగస్టులో బ్లాస్టర్ అనే వార్మ్ విండోస్ యంత్రాలను పీడిస్తుండగా, దాని వెనకాలే వెల్చియా అనే మరో వార్మ్ బయలుదేరింది. అది యంత్రంలో చొరబడి బ్లాస్టర్‌ను తీసేసేది, మైక్రోసాఫ్ట్ నుంచి ప్యాచ్ తెచ్చి లోపాన్ని పూడ్చేది. 2004 రాగానే తనను తాను తొలగించుకునేలా కూడా రాసి ఉంది. వినడానికి ఎంత బాగుంది! కానీ తరువాతి యంత్రం కోసం అది చేసే వెతుకులాటతో నెట్‌వర్కులు ఊపిరాడక నిలిచిపోయాయి. అమెరికా విదేశాంగ శాఖలో వీసా దరఖాస్తుదారుల పేర్లు సరిచూసే వ్యవస్థ కొన్ని గంటలు పనిచేయలేదు. దీన్ని కూడా లెక్క తప్పడం అనుకుని, లెక్క సరిచేస్తే మంచి వార్మ్ సాధ్యమేనని కొందరు అంటారు.

సరే, లెక్క తప్పని ఉదాహరణనే చూద్దాం. 2012లో పేరు చెప్పని ఒక పరిశోధకుడు, తయారీదారు పెట్టిన పాస్‌వర్డ్‌ను ఎవరూ మార్చకుండా వదిలేసిన సుమారు 4,20,000 చిన్న పరికరాల్లోకి తన ప్రోగ్రాంను పాకించి, వాటి సాయంతో మొత్తం ఇంటర్నెట్ చిరునామాలను సర్వే చేశాడు. పరికరాలకు హాని కలగకుండా చూశానని రాశాడు. ఫలితాలను అందరికీ ఉచితంగా ఇచ్చేశాడు. డబ్బు ఆశించలేదు, పేరూ ఆశించలేదు. ఆ సమాచారాన్ని వాడుకోవచ్చా, వాడుకోకూడదా అని పండితులు చాలాకాలం వాదించుకున్నారు. కనిపించే నష్టం లేదు, వచ్చిన జ్ఞానం నిజమైనది. మరి ఇందులో తప్పేమిటి?

దీని దగ్గర నా ఆలోచన చాలాసేపు అటూ ఇటూ ఊగింది. చివరికి రెండు కారణాలు బలంగా నిలిచాయి. హాని జరగలేదని చెబుతున్నది ఆ పని చేసిన మనిషే, సరిచూడటానికి రెండో సాక్షి లేడు. తన పనికి తానే న్యాయమూర్తి కావడం హేతువాద మర్యాద కాదు. రెండోది ఇంకా ముఖ్యమైనది. వద్దనే హక్కు, ఆ వద్దనడానికి కారణం చెప్పనక్కరలేని హక్కు, పరికరం సొంతదారుకు ఉంది. వైద్య పరిశోధన ఈ పాఠాన్ని చాలా బాధపెట్టి నేర్చుకుంది. అమెరికాలోని టస్కీగీలో నల్లజాతి రోగులకు సిఫిలిస్ ఉందని చెప్పకుండా, మందు ఇవ్వకుండా 1932 నుంచి నలభై ఏళ్లు పరిశీలించిన ఘోరం బయటపడ్డాకే, 1979లో బెల్మాంట్ నివేదిక మనిషి సమ్మతిని పరిశోధనకు పునాదిగా నిలబెట్టింది. ఆ బాటలోనే 2012లో మెన్లో నివేదిక కంప్యూటర్ పరిశోధనకు కూడా మనుషుల పట్ల గౌరవం మొదటి సూత్రమంది. టస్కీగీలోనూ, ఆ సర్వేలోనూ బాధ తీవ్రత ఒకటి కాదు, పోల్చడం కూడా తప్పు. అడగకుండా వాడుకోవడం అనే మెట్టు మాత్రం రెంటిలోనూ ఉంది. కాబట్టి ఇందాక అనుకున్న రెండు గుర్తులకు మూడోదాన్ని చేర్చక తప్పదు: మేలు చేయడానికైనా సరే, ముందు అడగాలి.

పాకే ప్రోగ్రాంను తయారుచేయకుండా, దాని గురించి తెలిసినది ప్రకటించడం మాటేమిటి? 2002 జులైలో మైక్రోసాఫ్ట్ ఒక డేటాబేస్ లోపానికి ప్యాచ్ విడుదల చేసింది. ఆ లోపాన్ని కనుక్కున్న డేవిడ్ లిచ్‌ఫీల్డ్, దాన్ని వివరిస్తూ నమూనా కోడ్ ప్రచురించాడు. 2003 జనవరి 25న ఆ నమూనాను ఆసరా చేసుకుని స్లామర్ అనే వార్మ్ పుట్టింది. దాని పరిమాణం 376 బైట్లు, కంప్యూటర్‌లో తెలుగులో రెండు మూడు వాక్యాలు దాచుకోవడానికి పట్టే చోటు కూడా కాదు. సోకిన యంత్రాల సంఖ్య మొదట్లో ఎనిమిదిన్నర సెకన్లకోసారి రెట్టింపయింది. పది నిమిషాల్లో, లోపమున్న యంత్రాల్లో నూటికి తొంభై దాని వశమయ్యాయి. ఏటీఎంలు ఆగాయి, విమానాలు రద్దయ్యాయి. నమూనా కోడ్ ప్రచురించడం వల్ల మేలెంత అని లిచ్‌ఫీల్డ్ తనను తానే బహిరంగంగా ప్రశ్నించుకున్నాడు. అతన్ని నేను దోషి అనలేను. ప్యాచ్ వచ్చాకే మాట్లాడాడు, నిజమే చెప్పాడు. కానీ మనిషి ఫోన్ అందుకునేలోపే ప్రపంచాన్ని చుట్టివచ్చే వేగం ముందు, తరువాత ఆపుదాం అన్న మాటకు అర్థం లేదని స్లామర్ చూపింది. వివేకం అంతా ముందే జరగాలి.

ఈ మూడు గుర్తులతో చివరిగా ఒక ప్రభుత్వాన్ని పరీక్షిద్దాం. 2017 మే 12న వనాక్రై అనే వార్మ్ ప్రపంచం మీద పడింది. 150 దేశాల్లో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లు తాళం పడి డబ్బు అడిగాయి. ఇంగ్లండ్‌లో ప్రభుత్వ వైద్యసేవలు నడిపే సంస్థల్లో మూడింట ఒక వంతు ఇబ్బందిపడ్డాయి, 19 వేలకు పైగా రోగుల అపాయింట్‌మెంట్లు రద్దయి ఉంటాయని అంచనా. ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని జిల్లాల పోలీసు కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. వదిలినది ఉత్తర కొరియా అని అమెరికా, బ్రిటన్ ప్రకటించాయి. కానీ అది పాకడానికి వాడుకున్న సాధనం అమెరికా నిఘా సంస్థ ఎన్‌ఎస్‌ఏ నుంచి చోరీ అయినదని మైక్రోసాఫ్ట్ అధ్యక్షుడు బ్రాడ్ స్మిత్ బహిరంగంగానే రాశారు. విండోస్‌లోని లోపం తెలిసీ, సరిచేయవలసినవారికి చెప్పకుండా, ఆయుధంగా దాచుకున్నారన్నమాట.

దేశరక్షణ కోసం దాచామన్న వాదనను వినకుండా తోసిపుచ్చలేం. శత్రువు రహస్యం తెలుసుకోవడం ఒక్కోసారి ప్రాణాలు కాపాడుతుంది. అయినా ఆ లోపం శత్రువు కంప్యూటర్‌లో ఎంత ఉందో తమ పౌరుల ఆసుపత్రుల్లోనూ అంతే ఉంది. ఆ ప్రమాదం మోయడానికి ఒప్పుకుంటారా అని ఎవరినీ అడగలేదు. చోరీ అయ్యాక ఆపే తాళం వాళ్ల చేతిలో లేదు. భారం ప్రపంచమంతటి మీదా పడింది. మూడింటిలో ఒక్క గుర్తుకూ ఈ పని నిలబడదు. ఒంటరి విద్యార్థి తొందరపాటు కన్నా, నిపుణులు ఆలోచించి పాటించిన ఈ మౌనం బరువైన తప్పని నా నిర్ణయం. విద్యార్థిని కోర్టులో నిలబెట్టారు. ఈ మౌనానికి ఎవరినీ నిలబెట్టలేదు.

వనాక్రైని ఆపిన మనిషి కథలో ఆలోచించదగినది ఇంకొకటి ఉంది. మార్కస్ హచిన్స్ అనే బ్రిటిష్ యువకుడు ఆ కోడ్‌లో కనిపించిన ఒక వింత వెబ్ చిరునామాను తన పేర నమోదు చేసుకున్నాడు. అదే దాన్ని ఆపే తాళమని తరువాతే తెలిసింది. మూడు నెలలు తిరక్కుండానే, అంతకు ముందెప్పుడో బ్యాంకు ఖాతాలు దోచే ప్రోగ్రాం రాశాడన్న నేరం మీద అతన్ని అమెరికాలో అరెస్టు చేశారు. నేరం ఒప్పుకున్నాడు. 2019లో జడ్జి, అతను అప్పటికే నిర్బంధంలో గడిపిన కాలమే చాలన్నాడు, ఏడాది పర్యవేక్షణ విధించాడు. మోరిస్ కూడా తరువాత ఎం.ఐ.టి.లోనే ప్రొఫెసర్ అయ్యాడు. ఒక జీవితాన్ని అందులోని అతి చెడ్డ రోజుతో కొలవడం ఎంత అన్యాయమో, అతి మంచి రోజుతో కొలిచి మిగతాది చూడకపోవడం అంత అన్యాయం. ఆ జడ్జి రెండు రోజులనూ చూశాడు.

ఇక మన వంతు. వనాక్రై వాడుకున్న లోపానికి మైక్రోసాఫ్ట్ 2017 మార్చి 14నే ప్యాచ్ ఇచ్చింది. దాడికి అది దాదాపు రెండు నెలల ముందు. సోకిన ఆసుపత్రులన్నీ చిన్నపాటి జాగ్రత్తతో తప్పించుకోగలిగేవేనని బ్రిటన్ జాతీయ ఆడిట్ కార్యాలయం తేల్చింది. వార్మ్‌ల విషయంలో మనం నష్టపోయేవాళ్లం మాత్రమే కాదు. సరిచేయని మన యంత్రం మీదుగానే అది తరువాతివారికి చేరుతుంది. ఇది చదువుతున్నవారిలో ఒక ఆసుపత్రికో, కార్యాలయానికో, కాలేజీ ల్యాబ్‌కో కంప్యూటర్లు చూసుకునేవారుంటే, వాయిదా వేస్తూ వచ్చిన ఆ అప్‌డేట్‌ను రేపు పొద్దున మొదటి పనిగా పూర్తిచేయండి.